గాలికి రంగేసిన అల్లుడు

హనుమక్క జన్మలో మొట్టమొదటిసారి గ్లైడర్ల పందెం చూడ్డానికి వచ్చి, షామియానా కింద ఆరు గంటలు కదలకుండా కూర్చుంది. ఆ ఆరు గంటల్లో ఆవిడ చూసింది ఏమిటంటే, పొద్దున పదకొండింటికి ఇంజన్లు లేని పద్నాలుగు తెల్లటి విమానాలను పొడుగాటి తాడు కట్టి లాగి, ఒకదాని తరవాత ఒకటి ఎగరేశారు. అవి కాసేపు తలల మీద గింగిరాలు కొట్టి, చుక్కలై, మాయమైపోయాయి. ఆ తరవాత ఆకాశం. చాలాసేపు ఒట్టి ఆకాశమే. మూడింటికి ఎవరో "వచ్చె, వచ్చె" అన్నారు గానీ అది గద్ద. ఐదింటికి ఒక గ్లైడర్ సన్నగా ఈల వేస్తూ వచ్చి గడ్డిలో దిగింది. పదిమంది చప్పట్లు కొట్టారు. అందులో నలుగురు షామియానా వాళ్ళు. పందెం ఎప్పుడైపోతుందా, కుర్చీలు ఎప్పుడు మడుద్దామా అని కాచుకుని ఉన్నారు పాపం.

దిగిన గ్లైడర్‌లోంచి బయటికి వచ్చింది ఎవరో కాదు, హనుమక్క కూతురు చౌడేశ్వరి. చుక్క పెట్రోలు లేకుండా మూడువందల కిలోమీటర్లు తిరిగి వచ్చి, వరుసగా రెండో ఏడు రాష్ట్రంలో మొదటి స్థానం కొట్టింది. ముఖం ఎండకు కమిలిపోయింది, పెదాలు పగిలిపోయాయి. హనుమక్క కూతుర్ని ఎగాదిగా చూసి, పక్కనున్న అల్లుడు మద్దిలేటి వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇంతేనా?"

ఆ మాట మద్దిలేటి గుండెలో ముల్లులా దిగబడిపోయింది. చౌడేశ్వరికి తగలాల్సిన మాట అతనికి ఎందుకు తగిలిందంటే, అతని ఉద్యోగమే గాలి మరి. ఉలవమిట్ట అనే ఆ రాతి మైదానం అంచునే ఉన్న గాలి పరిశోధనశాలలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. భార్య మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ అతన్ని బావా బావా అని పిలుస్తూ, గోళీల దగ్గర్నుంచి లెక్కల మార్కుల దాకా అన్నిట్లోనూ ఓడిస్తూ పెరిగింది. ఆమె పైన ఏం చేస్తుందో కాగితం మీద అతనికి బాగా తెలుసు. ఎండకు నేల కాలితే, ఆ నేల మీది గాలి వేడెక్కి స్తంభంలా పైకి లేస్తుంది. గ్లైడర్ ఆ స్తంభంలో దూరి, చుట్లు తిరుగుతూ ఎత్తు సంపాదించుకుని, ఆ ఎత్తు మీద నుంచి జారుకుంటూ ఇంకో స్తంభం దాకా పోతుంది. స్తంభం దొరకలేదంటే ఏ జొన్నచేలోనో దిగి, ట్రాక్టరు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఇందులో ఉన్న చిక్కల్లా ఒక్కటే, ఆ స్తంభాలు కంటికి కనపడవు. కనపడని దాన్ని పట్టుకోవడమే ఆట మొత్తం. అలాంటి ఆటను జనం వచ్చి ఏం చూస్తారు?

కనపడేటట్టు చేస్తే చూస్తారు, అనుకున్నాడు మద్దిలేటి. అంతే, మూడేళ్ళు ఆ ఆలోచన అతన్ని తిండి తిననివ్వలేదు.

మూడేళ్ళు గడిచాక ఒక ఆదివారం పొద్దున, హనుమక్క దోసెలు పోస్తుంటే, మద్దిలేటి జేబులోంచి చిన్న సీసా తీసి, పెనం మీద చిటికెడు పొడి విదిలించాడు. పెనం మీద నుంచి కాషాయరంగు స్తంభం ఒకటి మెలికలు తిరుగుతూ ఇంటి కప్పు దాకా లేచింది. కప్పుకు తగిలి చల్లబడి, కిటికీ పక్క నుంచి నీలంగా కిందికి జారింది. హనుమక్క ఇల్లు అంటుకుందనుకుని చెంబుడు నీళ్ళు పెనం మీద కుమ్మరించింది. నీళ్ళు సుయ్యిమన్నాయి, స్తంభం రెట్టింపు లావయింది, దోసె గంగలో కలిసింది. ఆవిడ కుదుటపడ్డాక మద్దిలేటి గర్వంగా చెప్పుకొచ్చాడు: లేచే గాలిలో పడితే ఈ పొడి కాషాయం, దిగే గాలిలో పడితే నీలం; ఒక్క బకెట్ చాలు, పది ఊర్ల ఆకాశానికి సరిపోతుంది; పొద్దు గూకేసరికి మాయమైపోతుంది, మనుషులకు గానీ పైరుకు గానీ ఏ హానీ లేదు.

చౌడేశ్వరి కాఫీ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి ఇదంతా చూసింది. ఆ స్తంభాన్ని అతను ఊహించినట్టు నోరు తెరుచుకుని చూడలేదు. ఊరి నుంచి వచ్చిన తెలిసిన మనిషిని చూసినట్టు చూసింది. "అది ఆడ ఉందని నాకు తెలుసు కదా బావా," అని మెల్లగా అని, మాడిన దోసె తీసుకుని వెళ్ళిపోయింది.

తెలివైన మొగుడైతే ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగేవాడు. మద్దిలేటికి తెలివి ఉంది గానీ అది గాలి వరకే.

గ్లైడర్ల సంఘానికి అధ్యక్షుడు బసిరెడ్డి. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఎద్దుల బండలాగుడు పోటీలు నడిపిన మనిషి. ఆయన మైకు పట్టుకున్నాడంటే అలిసిపోయిన ఎద్దు కూడా ఇంకో నాలుగడుగులు వేసేదని పేరు. పొడి చూడగానే ఆయనకు ఏం చెయ్యాలో తెలిసిపోయింది. మూడువందల కిలోమీటర్ల దారి తీసేసి, ఉలవమిట్ట చుట్టూ ఇరవై కిలోమీటర్ల చుట్టు ఒకటి గీసి, ఐదు చుట్లు తిరగాలన్నాడు, జనం మెడలు తిప్పితే చాలు అంతా కనపడేటట్టు. ఆ ఏడు నాలుగు పందేలు: మూడు మామూలువి, ఒకటి ఫైనల్. చిన్న చిన్న డ్రోన్లు పొద్దున్నే పోయి ఆకాశమంతా పొడి చల్లేవి. పదకొండయ్యేసరికి ఉలవమిట్ట మీద నలభై కాషాయ స్తంభాలు లేచి నిలబడేవి, వాటి మధ్య నీలి లోయలు. గ్లైడర్లు స్తంభం నుంచి స్తంభానికి దూకుతుంటే, ఒకే స్తంభంలో ఎనిమిది గ్లైడర్లు రెక్కకు రెక్క తగిలేలా చుట్లు తిరుగుతుంటే, చిన్నాపెద్దా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. బసిరెడ్డి పాత అలవాటు కొద్దీ గ్లైడర్లను "కాడి" అనే పిలిచాడు, ఎద్దుల జతను పిలిచినట్టే, ఫలానా ఊరి కాడి ముందుంది, ఫలానా ఊరి కాడి వెనకబడింది అంటూ.

మొదటి పందెంలోనే ఒక విడ్డూరం జరిగింది. ఎత్తు మొత్తం పోగొట్టుకుని నేలకు దిగబోతున్న ఒక కుర్రాడికి, మైదానం అంచున వరసగా ఉన్న ఉగ్గాని-బజ్జీ బండ్ల మీద సన్నటి కాషాయం తీగ కనపడింది. చటుక్కున అటు తిరిగి, బాండలీల మీద పదకొండు చుట్లు కొట్టి, మళ్ళీ మేఘాల దాకా ఎక్కిపోయాడు. ఆ దెబ్బతో జనానికి తమ ఆట ఏమిటో తెలిసొచ్చింది. రెండో పందేనికల్లా ప్రతి ఊరూ మైదానం పక్కన తమ చేలల్లో నల్లటి టార్పాలిన్లు పరిచి, ఎండకు కాచి, తమ కాడి కోసం సొంత స్తంభం లేపడం మొదలుపెట్టింది. మా స్తంభంలోకి వేరే ఊరి కాడి ఎట్లొస్తుందని రెండు ఊర్ల వాళ్ళు కొట్టుకున్నారు కూడా. మూడో పందేనికి నలభై వేలమంది. టీవీల్లో, ఫోన్లలో చూసేవాళ్ళు ఇంకో ఆరు లక్షలు.

అన్నీ బాగున్నాయి. ఒక్కటే బాగాలేదు. మొదటి పందెంలో చౌడేశ్వరి తొమ్మిదో స్థానంలో వచ్చింది. రెండోదాంట్లో పదకొండు. మూడోదాంట్లో పన్నెండు.

ఎందుకంటే స్తంభాలు ఎక్కడున్నాయో ఇప్పుడు బజ్జీలు తినేవాడికి కూడా తెలుసు. తెలిశాక మిగిలింది వేగం ఒక్కటే. చౌడేశ్వరి గ్లైడర్ పాతది, బరువైనది. మిగతావాళ్ళవి కొత్తవి, తేలికవి, వాళ్ళ వయసులూ తేలికవే. పదిహేనేళ్ళు ఎండల్లో తిరిగి ఆమె సంపాదించుకున్నది ఏదైతే ఉందో, దాన్ని మొగుడు బకెట్‌లో కలిపి అందరికీ పంచిపెట్టాడు.

ఆమె అరిచి గోల చేసుంటే మద్దిలేటి తట్టుకునేవాడు. అరవలేదు. అతనితో మాట్లాడ్డం మానేసింది, అంతే. ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూనే, చారు కావాలేమో బావను అడుగమ్మా, అని తల్లితో అనేది. హనుమక్క అల్లుడి వైపు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పేది. అతను తన జవాబు అత్తకు చెప్పేవాడు. చారు చల్లారిపోయేది. మూడో పందెం అయిన సాయంత్రం మాత్రం ఆమె ప్లేటు పక్కకు జరిపి, సూటిగా అతని ముఖంలోకి చూసింది.

"అందరికీ చూపించినావు. మంచిదే. ముందు నన్నొక మాట అడిగింటే?"

నీ కోసమే కదా చేసింది, అన్నాడు మద్దిలేటి. గొంతు తనకే నమ్మశక్యంగా లేదు.

"నా కోసం చేసే పని నాకు చెప్పి చెయ్యాల. వచ్చే నెల ఫైనలు. అది గూడా పోయిందంటే గ్లైడర్ క్లబ్బుకిచ్చేసి ఇంట్లో ఉంటా. ఇంగ ఎగరను బావా."

చౌడేశ్వరి అన్నదంటే చేసే మనిషి. పదో తరగతిలో వంకాయ తిననంది, ఇప్పటిదాకా తినలేదు. మర్నాడే మద్దిలేటి బసిరెడ్డి దగ్గరికి పరిగెత్తి, ఫైనల్లో పొడి చల్లడం ఆపేద్దామని బతిమాలాడు. బసిరెడ్డి అతనికి టీ ఇప్పించి, భుజం మీద చెయ్యేసి, ఇప్పుడు రంగు లేదంటే నలభై వేలమంది మనిద్దర్నీ ఆ టార్పాలిన్ల మీదే ఆరబెడతారని ప్రేమగా నచ్చజెప్పి పంపించాడు. ఫైనల్లో పొడికి గాలి తేమ పట్టకుండా జాగ్రత్త పడమని కూడా చెప్పాడు. అందుకని మద్దిలేటి గాజుపూత పూసిన పొడితో ఇంకో ట్యాంకు సిద్ధం చేశాడు. మొదటి పొడి ఏ కారణం చేతనైనా పాడైతే, ఒక మీట నొక్కితే చాలు, డ్రోన్లు రెండో పొడి చల్లేస్తాయి. భార్యను ఓడించే ఏర్పాట్లు తనే రెండేసి చేస్తున్నందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇక్కడ హనుమక్క రంగంలోకి దిగింది.

"ఇంతేనా" అన్న మనిషి ఇప్పుడు మూడు పందేలూ ముందు వరసలో కూర్చుని చూసింది. చూస్తూ ఊరికే కూర్చోలేదు, ఆలోచించింది. ఒక మధ్యాహ్నం అల్లుణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఎవరూ చూడనన్నాళ్ళు నా కూతురు ఐదేండ్లు గెలిచింది. జనం చూడబట్టినాక మూడు సార్లూ ఓడింది. సదువుకున్నోనివి, నువ్వే చెప్పు అల్లుడా, ఇది దిష్టి గాకుంటే ఏంది?"

మద్దిలేటి మనసులో లెక్క వేసి చూశాడు. ఎనిమిది పందేలు, ఎనిమిదీ ఒకే దారిలో ఉన్నాయి; ఒక్కటంటే ఒక్కటి కూడా అడ్డం తిరగలేదు. ఇంతకన్నా బలహీనమైన ఆధారాలతో అతను రెండు పరిశోధన వ్యాసాలు అచ్చేయించుకున్నాడు. అది దిష్టి కాదు, గాలికి రంగేసింది నేను, అని చెప్పొచ్చు. కానీ ఆవిడ అంటున్నది కూడా దాదాపు అదే కదా. అందరి కళ్ళూ పడేటట్టు చేసింది అతనే.

అప్పుడు హనుమక్క అసలు లెక్క అడిగింది. ఇంట్లో పసిపిల్లకు పదిమంది కళ్ళు పడితే ఐదు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు దిగదుడిచి నిప్పుల్లో వేస్తాం. నలభై వేలమందికి ఎన్ని కావాలి? మద్దిలేటికి చాలా రోజుల తరవాత నవ్వొచ్చింది. అత్తను సంతోషపెడదామని కాగితం, పెన్ను తీసుకున్నాడు. టీవీలో చూసేవాళ్ళ కళ్ళు కళ్ళు కావా, అని ఆవిడ గుర్తు చేసింది. సరే, వాళ్ళనీ కలిపాడు. మొత్తం మూడు లక్షల ఇరవై వేల మిరపకాయలు తేలాయి. బస్తాల్లోకి మారిస్తే ఎనిమిది. ఉప్పు విడిగా. నీటుగా రాసి, అలవాటు చొప్పున కింద సంతకం కూడా చేసి ఇచ్చాడు. హనుమక్క కాగితాన్ని మడిచి, రవికలో దోపుకుంది. ఆవిడ ఊరు కొత్తబురుజు ఉలవమిట్టకు ఆనుకునే ఉంది, ఊరు మొత్తం పండించేది మిరపే. ఆ సంగతి అతనికి ఆ క్షణంలో తట్టలేదు.

ఫైనల్ రోజు ఎండ పెళపెళలాడింది. రెండో చుట్టు ముగిసేసరికి చౌడేశ్వరి పదకొండో స్థానంలో ఉంది. మద్దిలేటి బసిరెడ్డి పక్కన గుడారంలో, మీటలున్న బల్ల ముందు కూర్చుని, చూడలేక చూస్తున్నాడు.

గుడారానికి ఎగువన, కొత్తబురుజు వాళ్ళు మిరప ఆరబోసే కళ్ళంలో రెండెకరాలు నల్ల టార్పాలిన్ పరిచారు. మైదానం మొత్తంలో లావుపాటి స్తంభం వాళ్ళదే. ఆ స్తంభానికి సరిగ్గా నడిమధ్యన హనుమక్క బెల్లం వండే ఇనప బాణలి పెట్టి, నిప్పులు నింపింది. నిప్పు పెట్టకూడదని సంఘం నిబంధన ఉంది గానీ, దిష్టి తీయడానికి నిప్పు పెట్టకూడదని ఎవరూ రాయలేదు. ఆరుగురు ఆడవాళ్ళు మొదటి బస్తా ఎత్తి పట్టుకున్నారు. చౌడేశ్వరి గ్లైడర్ గంటకు నూటఇరవై కిలోమీటర్ల వేగంతో తలల మీద నుంచి పోతుంటే, దానికేసి తిప్పాలని వాళ్ళూ బస్తాతో పాటు గిరగిరా మూడుసార్లు తిరిగి, కళ్ళు తిరిగి ఇద్దరు కూలబడ్డారు. బస్తా బాణలిలో పడింది.

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో పడితే ఏమవ్వాలి? మామూలుగా అయితే ఇల్లంతా ఘాటు కమ్మి, అందరూ దగ్గి చావాలి. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందన్నమాట. బస్తా మొత్తం కాలిపోయింది. ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చి చూశారు. ఒక్క దగ్గు లేదు. ఒక్క తుమ్ము లేదు. ఎలా వస్తాయి, ఆ పొగ కింద నిలిస్తే కదా. రెండెకరాల వేడిగాలి దాన్ని పుట్టింది పుట్టినట్టే పైకి లాక్కుపోయింది. కింద నిలబడ్డ హనుమక్క మాత్రం ఆ సంగతి ఎరగదు. బస్తా మిరపకాయలు కాల్చినా ఘాటు రాలేదంటే, తన కూతురికి ఎంత దిష్టి తగిలుండాలి? రెండో బస్తా వేయించింది. రాలేదు. మూడు, నాలుగు. ఎనిమిది బస్తాలూ అయిపోయినా ఘాటు రాకపోయేసరికి, ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, అల్లుడు తక్కువ లెక్క కట్టాడని తిట్టి, ఊళ్ళోంచి ఇంకో నాలుగు తెప్పించింది.

పన్నెండు బస్తాల ఎండుమిరప పొగ మేఘాల కింద గొడుగులా విచ్చుకుని, ఐదు చుట్ల దారినంతా కమ్మేసింది.

పైలట్ల రేడియోను బసిరెడ్డి మైకుల్లో వినిపిస్తున్నాడు, జనానికి ఉత్సాహంగా ఉంటుందని. ముందు ఒక తుమ్ము వినపడింది. తరవాత మూడు. ఆ తరవాత నలభై వేలమంది నోళ్ళు వెళ్ళబెట్టి వింటుండగా పదముగ్గురు పైలట్లు ఒకరి మీద ఒకరు తుమ్మారు, దగ్గారు, వాళ్ళ వాళ్ళ దేవుళ్ళను తలుచుకున్నారు. పద్నాలుగో మనిషి మాత్రం ఒక్కసారి తుమ్మి, "సారీ" అని ఊరుకుంది. మిరప కళ్ళంలో పాకి పెరిగిన పిల్లకు అదొక లెక్కా? మిగతావాళ్ళు గ్లైడర్‌లోకి గాలి వచ్చే బొక్కలన్నీ మూసుకుని, కళ్ళు తుడుచుకుని బయటికి చూసేసరికి, ఆకాశంలో రంగు లేదు. మిరప పొగలోని జిడ్డు పట్టి మద్దిలేటి పొడి మొత్తం బూడిదరంగుకు తిరిగిపోయింది. కాషాయం లేదు, నీలం లేదు. నలభై స్తంభాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కనపడ్డం మానేశాయి, అంతే.

ఒక్క సీజన్లో రంగుకు అలవాటు పడిపోయిన కళ్ళు. ముందున్న కుర్రాడు స్తంభం ఉందనుకున్న చోటికి పోయాడు, అక్కడ లేదు. వేరుశనగ చేలో దిగాడు. రెండోవాడు మొదటివాడి వెనకే పోయి, అతని పక్కనే దిగాడు. పది నిమిషాల్లో ఎనిమిది గ్లైడర్లు చేలల్లో కూర్చున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఒకాయన ముక్కు మాత్రం రెండ్రోజులు ఆగలేదట.

రెండో ట్యాంకు మీట నొక్కమన్నాడు బసిరెడ్డి. మద్దిలేటి వేలు మీట మీద పెట్టాడు. గాజుపూత పొడికి ఏ జిడ్డూ అంటదు. నొక్కితే అర నిమిషంలో రంగు వచ్చేస్తుంది, ఇంకా పైనున్న ఐదుగురికీ స్తంభాలు కనపడతాయి, చౌడేశ్వరి మళ్ళీ వెనకబడుతుంది, గ్లైడర్ క్లబ్బుకు ఇచ్చేస్తుంది. అది అతని డ్యూటీ. నొక్కబోతూ తల ఎత్తాడు.

చౌడేశ్వరి బాగా కిందికి వచ్చేసింది. అయినా చేలవైపు పోలేదు. మిగతావాళ్ళంతా నల్ల టార్పాలిన్ల మీద వెతుక్కుంటుంటే, ఆమె ఒక్కతే వాళ్ళకు వీపు పెట్టి, గుట్ట నీడ పడ్డ వైపుకు పోయింది. ఆ చోట స్తంభం ఉండడానికి వీల్లేదని మద్దిలేటి పట్టికలన్నీ ప్రమాణం చేసి చెబుతాయి. ఆమె అక్కడ ఒక రెక్క వంచింది. ఒక చుట్టు తిరిగింది, రెండు తిరిగింది, మూడో చుట్టులో గ్లైడర్ లేచింది. నిదానంగా, ఎవరో కింద నుంచి రెండు చేతులతో ఎత్తుతున్నట్టు లేస్తూనే ఉంది.

మైదానంలో చప్పుడు ఆగిపోయింది. బజ్జీలు బాండలీల్లో మాడుతున్నాయి, తీసేవాడు లేడు. ఇంతకాలం జనం చూసింది రంగును; ఇప్పుడు ఒట్టి ఆకాశంలో ఒక్క గ్లైడర్‌ను చూస్తున్నారు. అది అటే ఎందుకు తిరిగిందో, ఇప్పుడు పడుతుందో లేస్తుందో ఒక్కరికీ తెలియదు. లేచిన ప్రతిసారీ నలభై వేల గొంతుల్లోంచి చిన్న నిట్టూర్పు వచ్చేది. బసిరెడ్డి చేతిలో మైకు ఉంది, నోరు తెరుచుకునే ఉంది, ఒక్క మాట రావడం లేదు.

హనుమక్క మసి చేతులతో గుడారంలోకి పరిగెత్తుకొచ్చింది. ఆవిడతో పాటే ఘాటు కూడా వచ్చింది. అల్లుడి మోచెయ్యి పట్టుకుని పైకి చూపించింది.

"ఏమీ కనపళ్ళేదే అల్లుడా, అదెట్ల పోతాంది?"

గాలి మీద డాక్టరేటు ఉన్న మద్దిలేటి పైకి చూస్తూనే చెప్పాడు. "తెలీదత్తా."

ఆ మాట పైకి అన్నాకే అతనికి తెలిసింది, తనకు అది తెలుసుకోవాలని ఎంతగా ఉందో. వేలు మీట మీద ఉంది. నొక్కితే ఆమె ఎక్కడెక్కడ తిరుగుతుందో అంతా రంగుల్లో కనపడుతుంది, ఆమె మాత్రం కనపడదు. వేలు కదల్లేదు. బసిరెడ్డి కూడా రెండోసారి నొక్కమనలేదు. ఆయన పైకి చూస్తూ ఆ సంగతే మరిచిపోయాడు. పందెంలో మూడో చుట్టు అయింది, నాలుగో చుట్టు అయింది. మిగిలిన ఐదుగురూ ఒక్కొక్కరే చేలల్లో దిగిపోయారు. ఐదో చుట్టు తిరిగి వచ్చి, చక్రం గడ్డిని తాకేదాకా ఎవరూ ఊపిరి వదల్లేదు. తాకాక వచ్చిన కేకకు గుడారం గుంజలు కదిలాయి.

హనుమక్క చప్పట్లు కొట్టలేదు. ఉన్నచోటనే నేలమీద కూర్చుండిపోయింది. మసి చేతులతో ముఖం తుడుచుకుంటే ముఖమంతా నల్లగా అయింది.

"ఇన్నేండ్లూ ఇది ఇట్లనా ఎగిరేది? దీన్నా నేను ఇంతేనా అన్నది?" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు మిరపకాయలు కారణం కాదు.

ముగ్గురు పైలట్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. బసిరెడ్డి నిబంధనల పుస్తకం తెప్పించి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూపించాడు. గాలికి రంగుండాలని ఎక్కడా లేదు, విమానాన్ని వెనక్కి తీసుకురావాలని మాత్రం ఉంది. నిప్పు సంగతి అడిగితే, హనుమక్క తెచ్చిచ్చిన, మద్దిలేటి సంతకం ఉన్న లెక్క కాగితం తీసి ముందు పెట్టాడు, ఇది శాస్త్రీయంగా జరిగిన పనేనని. ఆ తరవాత మద్దిలేటిని పక్కకు పిలిచి, వచ్చే ఏడు నుంచి పొడి చల్లొద్దని చెప్పాడు. జనమే అడుగుతున్నారట. మూడేళ్ళ కష్టం ఒక్క మాటతో పోయింది. మద్దిలేటికి బాధ కలగలేదంటే అబద్ధమే. ఆ రోజు ల్యాబులో గాజుపూత పొడి ట్యాంకు మూత తీసి, చాలాసేపు అందులోకి చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున పెరట్లో చౌడేశ్వరి తలంటుకుని, జుట్టులోంచి పోని మిరప ఘాటుకు ఒక కన్ను మూసుకుని, తువ్వాలుతో తుడుచుకుంటోంది. మద్దిలేటి వేన్నీళ్ళ బకెట్ తెచ్చి పెట్టి, అత్త ఎక్కడుందా అని చూశాడు, మాట అందించడానికి. అత్త లేదు.

"బావా, ఆ రెండో ట్యాంకు పనిచేస్తాందా?" అంది చౌడేశ్వరి. నేరుగా అతనితోనే.

చేస్తుందన్నాడు.

"మరి ఎందుకు నొక్కలే?"

మీట బిగుసుకుందనో, తీగ తెగిందనో చెప్పడానికి నాలుగు అబద్ధాలు నాలుక చివర దాకా వచ్చాయి. మింగేశాడు. "నువ్వెట్ల పోతావో చూడాలనిపించె."

"చూసినావా?"

"చూసినా. ఏమీ అర్థం కాలే." ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "నీకెట్ల తెలుస్తాది చౌడీ?"

ఆమె తువ్వాలు దించి, మూసుకున్న కన్ను కూడా తెరిచి అతన్ని చూసింది. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆమె పెదాలు కదిలాయి, చెప్పబోతున్నట్టే ఉంది. ఇంతలో నవ్వొచ్చేసింది. రెండు నెలల తరవాత మొదటిసారి వచ్చిన నవ్వు కాబట్టి కాస్త ఎక్కువే వచ్చింది.

"చెప్పను బావా. చెప్తే దానిక్కూడా ఒక పొడి కనిపెడతావు."

అలాంటిదేం లేదని చెప్పడానికి మద్దిలేటి నోరు తెరిచాడు. కానీ అడిగిన క్షణం నుంచీ, ఆమె సీటు కింద చిన్న పరికరం ఒకటి పెట్టి చూస్తే ఎలా ఉంటుందా అనే ఆలోచిస్తున్నాడు కాబట్టి, మర్యాదగా నోరు మూసుకున్నాడు.